పాత సామానుతో కట్టిన గుడి: మిల్వాకీలో మూడు రోజులు

గుంటూరు వచ్చి వారమైంది, నిద్ర మాత్రం ఇంకా అమెరికా టైములోనే ఉంది. రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేస్తోంది, ఆ టైములో టీవీ పెడితే మా ఆవిడ ఊరుకోదు, అందుకని కూర్చుని ఇది రాస్తున్నా. నయాగరా గురించీ న్యూయార్కు గురించీ రాయబోవడం లేదు, ఆ ఫోటోలు పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఒక గుడి, అంటే కాథలిక్కు చర్చి గురించి రాద్దామని.

నేను ముప్పై రెండేళ్ళు బిల్డింగు పనులు చేయించినవాణ్ణి. ఎన్నో పాత ఇళ్ళు పడగొట్టించాను, వాటి గుమ్మాలూ దూలాలూ కిటికీ చువ్వలూ బేరమాడి కొని కొత్త ఇళ్ళకి వాడాను. మా అమ్మాయి ఉండేది షికాగో పక్కన నేపర్‌విల్‌లో. వాళ్ళ ఆఫీసులో పోలండ్ మూలాలున్న ఒకాయన, మాటల్లో నా సంగతి విని, "అయితే మీ నాన్నని మిల్వాకీ తీసుకెళ్ళు, మా ముత్తాతలు ఒక పెద్ద తపాలా ఆఫీసుని విప్పి తెచ్చుకుని గుడి కట్టారు" అన్నాడట. మిల్వాకీ అంటే పక్కనే ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో ఊరు. విప్పి తెచ్చుకోవడమేంటి, షామియానా అనుకున్నారా? అక్కడ పట్టుకుంది నాకు. మా ఆవిడ పుట్టిల్లు ఫిరంగిపురం, కాథలిక్కుల ఊరు, గుడి అంటే నాకంటే ముందే తయారవుతుంది. అల్లుడు మాత్రం "మామయ్యగారూ, ఒక్క చర్చి కోసం తొంభై మైళ్ళా" అని నవ్వి, తనకి సెలవు లేదన్నాడు. ఇద్దరమే బయల్దేరాం.

సెప్టెంబర్ 12, గురువారం, షికాగో

ముందు ఆ తపాలా ఆఫీసు ఒకప్పుడు ఎక్కడుండేదో చూద్దామనిపించింది. రోడ్డు మీద ఒక కుర్రాణ్ణి "ఓల్డ్ పోస్టాఫీస్ ఎక్కడ బాబూ" అని అడిగితే పాపం ఫోను తీసి మ్యాపు కూడా చూపించి పడమటి వైపు పంపాడు. ఇరవై నిమిషాలు నడిచాం. చూస్తే కొండంత భవనం, దాని పొట్టలోంచి హైవే దూరి వెళ్ళిపోతోంది. చూడాల్సిందే, కాదనను. కానీ మేం వెతుకుతున్నది 1896లోనే కూల్చేసిన భవనం, ఇదేమో నిక్షేపంగా నిలబడి ఉంది. షికాగో వాళ్ళకి పాత పోస్టాఫీసు అంటే ఇదేనట, దానికి ముందటిదానికి ముందటిది ఎవరికి గుర్తుంటుంది! మా ఆవిడ ఒక గట్టు మీద చతికిలబడి "ఏమండీ, లేని బిల్డింగు కోసం ఉన్న మోకాళ్ళు అరగ్గొడుతున్నారు" అంది.

మళ్ళీ వెనక్కి నడిచి డియర్‌బోర్న్ వీధి, ఆడమ్స్ వీధి కలిసే మూలకి వచ్చాం. ఇప్పుడక్కడ నల్లటి ఉక్కు టవర్లు, వాటి ముందు ఖాళీ స్థలంలో ఎర్రటి ఇనుముతో చేసిన 53 అడుగుల శిల్పం, పేరు ఫ్లెమింగో, చేసినాయన అలెగ్జాండర్ కాల్డర్. దాని కాళ్ళ మధ్య ఆఫీసు వాళ్ళు నిలబడి శాండ్‌విచ్‌లు తింటున్నారు. 1871లో ఊరు తగలబడ్డాక ప్రభుత్వం ఈ స్థలంలోనే తపాలా ఆఫీసు, కస్టమ్స్, కోర్టు అన్నీ కలిపి ఒక రాతి భవనం కట్టింది. 1880కి పూర్తయితే పదహారేళ్ళకే కూల్చాల్సి వచ్చింది. రోగం పునాదిలో ఉంది. షికాగో అడుగున మెత్తటి బంకమట్టి, దాని మీద అంత బరువు పెట్టేసరికి భవనం ఒక్కో పక్క ఒక్కోలా దిగబడింది. గుంటూరు నల్లరేగడిలో గోడలు లేపినవాడికి ఇదేం కొత్త కథ కాదు. పునాది చెడిపోయింది గానీ పైన రాయి ఎక్కడికి పోతుంది? అసలు కథ అక్కడే మొదలైంది.

ఇంకో తమాషా. ఇప్పుడా స్థలంలో ఉన్న టవరు పేరు క్లుజిన్‌స్కీ బిల్డింగు. ఆ క్లుజిన్‌స్కీ షికాగో నుంచి గెలిచిన కాంగ్రెసు సభ్యుడు, పోలిష్ వంశం వాడు. "చూశావా, రాళ్ళు పట్టుకెళ్ళి, బదులుగా పేరు తెచ్చి పెట్టారు" అన్నాను. మా ఆవిడ టీ ఎక్కడ దొరుకుతుందో చూడమంది.

సెప్టెంబర్ 13, శుక్రవారం, మిల్వాకీ

బస్సు దిగక ముందే గుమ్మటం కనిపించింది. చుట్టూ అన్నీ చిన్న చిన్న చెక్క ఇళ్ళు, మహా అయితే రెండంతస్తులు, వాటి మధ్యలోంచి రోమ్‌లోని పునీత పేతురు గుడి గుమ్మటం లాంటిది ఆకాశంలోకి లేచి ఉంది. గొర్రెల మందలో ఏనుగులా ఉంది. బసిలికా ఆఫ్ సెయింట్ జోసఫాట్, ఆరో వీధి, లింకన్ ఎవెన్యూ. తెలుగులో చెప్పాలంటే పునీత యోసఫాతు మహాదేవాలయం. యోసఫాతు 1623లో హతసాక్షి అయిన, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన బిషప్పు.

మేం చేరేసరికి సాయంత్రమైంది, తలుపులు మూసేశారు. తప్పు మాదే, బయల్దేరడమే ఆలస్యం, అందులోనూ నేను ఆరో వీధి అనగానే ఊరికి ఉత్తరాన ఉన్న ఆరో వీధికి తీసుకెళ్ళిపోయాను. అక్కడ వీధి నంబరుకి ముందు ఉత్తరమో దక్షిణమో చెప్పకపోతే అంతే సంగతులు. సరే, లోపలికి ఆదివారం వెళ్దామని చుట్టూ తిరిగాం. ముందు వసారాలో గ్రానైటు స్తంభాలున్నాయి, నున్నగా పాలిష్ పట్టినవి. అరచేత్తో రాసి చూశాను, చల్లగా ఉంది, ఎక్కడా పెచ్చు ఊడలేదు. నిన్న మేం నిలబడిన చోటు నుంచి వచ్చిన స్తంభాలివి. మా ఆవిడ మెట్ల మీదే నిలబడి ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు చెప్పుకుంది.

లింకన్ ఎవెన్యూలో నడుస్తుంటే బోర్డులన్నీ స్పానిష్‌లో ఉన్నాయి. పోలిష్ వాళ్ళ మనవలు ఎప్పుడో శివార్లకి వెళ్ళిపోయారు, వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. అయినా ఒక చిన్న పోలిష్ కొట్టు మిగిలింది, సాసేజిలు తోరణాల్లా వేలాడదీసి ఉన్నాయి, పొగ వాసన వీధి దాకా కొడుతోంది. కౌంటరులో ఉన్న పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వలేదు. మేం మూడు సార్లు "ఇదేంటి, అదేంటి" అని అడిగాక ఓపిక పట్టి, పిరోగీలు వేడి చేసి ఇచ్చింది. అచ్చం కజ్జికాయ ఆకారం, లోపల మాత్రం కొబ్బరీ బెల్లం బదులు మెదిపిన బంగాళదుంప, జున్నులాంటిది, పైన వెన్నలో వేయించిన ఉల్లిపాయ. ఆరు ముక్కలు తొమ్మిది డాలర్లు. మా ఆవిడ ఇంకో రెండడిగింది, అప్పుడు నవ్విందావిడ. బాతు రక్తంతో చేసే సూపు ఒకటుంది, ఇప్పటి పిల్లలు ముట్టుకోరు అని చెప్పింది. మా వైపు కూడా మేక రక్తం వేయించుకుని తింటాం, మా పిల్లలూ ముట్టుకోరు అని చెప్పాను. ఆ తర్వాత మాటలు బాగానే కలిశాయి, డబ్బులు మాత్రం ఒక్క సెంటు తగ్గించలేదు.

రాత్రికి ఫిష్ ఫ్రై. ఇది మిల్వాకీలో ఏదో ఒక వంటకం పేరు అనుకునేరు, కాదు, ఇది వారాంతపు ఆచారం. శుక్రవారం కాథలిక్కులు మాంసం మానేయాలన్న నియమంతో మొదలై, ఇప్పుడు మతంతో పని లేకుండా ఊరు ఊరంతా శుక్రవారం రాత్రి చేప తింటుంది. మాకు తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో, శుక్రవారం అంటే పప్పుచారూ ఒకపొద్దూను. వీళ్ళు దాన్ని పండగ చేసుకున్నారు! మేం వెళ్ళింది మూల మీద ఉన్న ఒక పాత బారు, చేతిరాతతో మెనూ, గోడ మీద జింక తల, నలభై నిమిషాలు వెయిటింగ్. వెయిట్ చేసేటప్పుడు ఊరికే నిలబడకూడదట, బ్రాందీ ఓల్డ్ ఫ్యాషన్డ్ తాగాలట. బ్రాందీలో చక్కెర, నారింజ ముక్క, చెర్రీ పండు, సోడా. ఎనిమిది డాలర్లు. దగ్గు మందు గుర్తొచ్చింది, కానీ రెండో గుక్కకి అలవాటైపోయింది.

ప్లేటులో బీరు కలిపిన పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప మూడు ముక్కలు, క్యాబేజీ సలాడ్, రై రొట్టె, ఇంకా బంగాళదుంప తురుముతో వేసిన అట్టు, దాని మీదకి ఆపిల్ గుజ్జు. పంతొమ్మిది డాలర్లు, ఇద్దరికీ ఒక ప్లేటు చాలు. మా ఆవిడ "బీరు కలిపారా" అని ఆగిపోయింది. నూనెలో పడ్డాక ఇంకా ఏం మిగులుతుంది అని నచ్చజెప్పాను. తిన్నది గానీ అట్టుకి ఆపిల్ గుజ్జు నంజుకోవడం మాత్రం ఒప్పుకోలేదు, పక్క టేబులు మీదున్న మిరప సాసు సీసా తెచ్చుకుంది. ఆ పక్క టేబులు ముసలాయన మా మెడలో జపమాల చూసి "మీరు కాథలిక్కులా, ఇండియాలో ఉన్నారా" అని ఆశ్చర్యపోయాడు. గుణదల మాత పండక్కి కొండెక్కే జనం ఫోటోలు మా ఆవిడ ఫోనులో చూపించింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు, "మా నాన్నమ్మ చూడాల్సింది" అన్నాడు.

సెప్టెంబర్ 14, శనివారం, మిచెల్ వీధి, బే వ్యూ, జోన్స్ దీవి

పొద్దున్నే మిచెల్ వీధిలో పునీత స్తనిస్లాస్ గుడికి వెళ్ళాం. మిల్వాకీ పోలిష్ వాళ్ళ మొదటి విచారణ (ఒక గుడీ, దాని కింద ఉండే జనమూ కలిపి విచారణ అంటాం) ఇది, 1866లో మొదలైంది. రెండు గోపురాలు, లేత మీగడ రంగు ఇటుక. ఆ ఇటుక వల్లే మిల్వాకీకి క్రీమ్ సిటీ అని పేరొచ్చింది, పాల వల్ల కాదు (నేను అదే అనుకున్నాను). ఇప్పుడు ఇక్కడ పూజ లాటిన్‌లో జరుగుతుంది. నల్ల ముసుగు వేసుకున్న కుర్ర తల్లులు, ఐదారుగురు పిల్లలతో. హైవే ఈ గుడి పక్కనే పోతోంది, దివ్యబలిపూజ జరిగినంతసేపూ లారీల రొద సన్నగా వినపడుతూనే ఉంది.

1886 మే 5న, అంటే షికాగోలో హేమార్కెట్ దగ్గర కార్మికుల సభలో బాంబు పేలిన మర్నాడు, ఈ గుడి దగ్గరే కూలీలు పోగయ్యారు. ఎక్కువ మంది పోలిష్ వాళ్ళు. ఎనిమిది గంటల పనిదినం కావాలన్నది డిమాండు. ఇక్కణ్ణుంచి బే వ్యూలోని ఇనప రోలింగ్ మిల్లు దాకా ఊరేగింపుగా వెళ్ళారు, దాదాపు 1500 మంది. గవర్నర్ జెరెమయా రస్క్ దించిన మిలీషియా అక్కడ కాల్పులు జరిపింది. ఏడుగురు పోయారు. వాళ్ళలో ఒకడు 13 ఏళ్ళ బడి పిల్లవాడు, ఇంకొకాయన తన పెరట్లో కోళ్ళకి మేత వేసుకుంటున్న పెద్దమనిషి. ఆ రోజు తుపాకులు పట్టిన దళాల్లో కోషియుష్కో గార్డ్ అనే పోలిష్ కుర్రాళ్ళ దళం కూడా ఉంది, ఎదురుగా ఉన్నది వాళ్ళ ఊరివాళ్ళే. మేం ఆ దారినే క్యాబులో వెళ్ళాం, నడిచే ఓపిక ఆవిడకి లేదు. మిల్లు లేదు, చెట్లూ చక్కటి ఇళ్ళూ ఉన్నాయి, సుపీరియర్ వీధి మూల మీద ఒక ఫలకం ఉంది. ఒకామె కుక్కని తిప్పుతూ మమ్మల్ని చూసి ఆగి, మే నెల మొదటి ఆదివారం ఏటా ఇక్కడ చేరి పేర్లు చదువుతారని చెప్పింది.

అంతకుముందు మిచెల్ వీధి నుంచి లింకన్ ఎవెన్యూ దాకా ఇరవై నిమిషాల నడక ఉందే, అది నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చిన ముక్క. ఆ సందుల్లో ఇళ్ళని పోలిష్ ఫ్లాట్ అంటారు. చూడ్డానికి మామూలు చెక్క ఇల్లే, కానీ ముఖద్వారానికి ఎనిమిది తొమ్మిది మెట్లుంటాయి, ఆ మెట్ల కింద సగం భూమిలో ఇంకో గుమ్మం. ముందు డబ్బులున్నంతలో ఒక చిన్న ఇల్లు కట్టుకునేవాళ్ళు. నాలుగు రాళ్ళు చేరాక మనమైతే ఏం చేస్తాం? పైన ఒక వాటా వేసి అద్దెకిస్తాం. వీళ్ళు అలా కాదు, ఉన్న ఇంటిని ఉన్నపళంగా జాకీలతో పైకి లేపి, అడుగున తవ్వి, ఇటుక గోడలు కట్టి కింద వాటా చేసేవాళ్ళు! కిందది అద్దెకి, లేకపోతే కొత్తగా ఓడ దిగిన చుట్టాలకి. నేను ఒక ఇంటి ముందు వంగి ఇటుకకీ చెక్కకీ మధ్య అతుకు చూస్తుంటే కింది గుమ్మంలోంచి ఒక మెక్సికన్ ముసలావిడ బయటికొచ్చింది. మా ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రమే. "ఇల్లు బాగుంది" అన్నాను. "చలి" అంది, నేల వైపు చూపించి. అద్దె అడిగితే వేళ్ళతో చెప్పింది, వెయ్యికి పైమాటే. మా ఆవిడ నా చొక్కా లాగింది.

మధ్యాహ్నం జోన్స్ దీవి. ఇది చెప్పుకోకూడదు గానీ చెప్తా. బాల్టిక్ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన కషూబ్ అనే చేపలు పట్టే జనం, పోలిష్ వాళ్ళకి దగ్గరి చుట్టాలు, 1870ల్లో ఈ రేవు పక్క ఇసుక మేట మీద గుడిసెలు వేసుకున్నారు. వలలు, పడవలు, బార్లు, అంతా ఒక పల్లె. పట్టాలు మాత్రం ఎవరికీ లేవు. రేవు పెంచాలని నగరం ఒక్కొక్కర్నీ ఖాళీ చేయించింది, చివరాయన 1943లో వెళ్ళాడు. వాళ్ళ జ్ఞాపకంగా అక్కడ కషూబ్ పార్కు అని ఒకటుందని, అది మిల్వాకీలోకెల్లా చిన్న పార్కని విని బయల్దేరాం. క్యాబువాడు ఎక్కడో గేటు దగ్గర దించి వెళ్ళిపోయాడు. నడుస్తున్నాం, నడుస్తున్నాం, వాసన మొదలైంది. చేపల వాసన కాబోలు, ఇంకా మిగిలుందే అనుకున్నా. దగ్గరికెళ్ళి చూస్తే ఊరి మురుగునీటి ప్లాంటు! మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. నాకు మాత్రం మజా వచ్చింది, ఎందుకంటే ఇక్కడే 1926 నుంచి ఆ మురుగులోని మడ్డిని ఎండబెట్టి మిలోర్గనైట్ అని ఎరువు బస్తాలుగా అమ్ముతున్నారు, మా అమ్మాయి ఇంటి గ్యారేజీలో కూడా ఒక బస్తా చూశాను. పార్కు చివరికి దొరికింది. లారీల దారి పక్కన ఒక చెట్టు, లంగరు, నాలుగు బెంచీలు, అంతే. మా ఊళ్ళో చౌరస్తాలో విగ్రహం చుట్టూ ఉండే గడ్డి అంతకంటే పెద్దది. కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. నీళ్ళు అయిపోతే ఒక లారీ డ్రైవరు "బబ్లర్ అక్కడుంది" అన్నాడు. బబ్లర్ అంటే ఏంటో తెలీక నేను టాయిలెట్ అనుకుని వద్దన్నా. ఈ ఊళ్ళో తాగునీటి కుళాయిని అలా అంటారట.

సెప్టెంబర్ 15, ఆదివారం, మళ్ళీ గుడి దగ్గర

గుమ్మం దగ్గర మా ఆవిడ అలవాటు కొద్దీ చెప్పులు విడిచేసి లోపలికి నడిచింది. ఫిరంగిపురంలో చెప్పులతో గుడిలోకి ఎవరు వెళ్తారు? దారి చూపించే పెద్దావిడ కంగారుగా వచ్చి "కాలికేమైనా దెబ్బ తగిలిందా, కూర్చుంటారా" అని అడిగింది. విషయం చెప్తే ఆ పెద్దావిడే మా ఆవిడ చెప్పులు తీసి ఒక పక్కగా జాగ్రత్తగా పెట్టింది. పూజ అయ్యేంత వరకు అవి అక్కడే ఉన్నాయి, ఇంకెవరివీ వాటి పక్కన చేరలేదు.

లోపల తల ఎత్తితే దించబుద్ధి కాదు. గుమ్మటం కింద ఒక్క స్తంభం అడ్డం లేకుండా ఖాళీ, దాని చుట్టూ బంగారు పూత, గోడల నిండా బొమ్మలు. రంగుటద్దాలు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి, బొమ్మలు 1926లో గోనిప్పో రాజీ అనే ఇటాలియన్ చిత్రకారుడు వేసినవి. పాదిరిగారి ప్రసంగం నాకు సగమే అర్థమైంది, ఆ సగం కూడా గుమ్మటం ప్రతిధ్వనిలో పోయింది.

పూజయ్యాక ఒక పెద్దాయన ఉన్నవాళ్ళని పోగుచేసి గుడి కథ చెప్పాడు. నడుం వంగింది, గొంతు మాత్రం ఖంగుమంటోంది. 1888లో విచారణ మొదలైంది, మొదటి గుడి మరుసటేడే కాలిపోయింది, తర్వాత కట్టింది జనానికి చాల్లేదు. విల్హెల్మ్ గ్రుట్జా అనే విచారణ గురువు పెద్ద గుడి కట్టాలని ఎర్హార్డ్ బ్రీల్‌మయర్ అనే ఆర్కిటెక్టు చేత ప్లాను గీయించాడు. ఇటుకతో కట్టాలని. అంతలో షికాగో తపాలా ఆఫీసు పడగొడుతున్నారని తెలిసి, ఆ ఫాదరు వెళ్ళి మొత్తం సామాను 20,000 డాలర్లకి కొనేశాడు! అది 500 రైలు వ్యాగన్ల మీద మిల్వాకీ వచ్చింది. ఆర్కిటెక్టు గీసిన ప్లాను పక్కన పడేసి, వచ్చిన రాళ్ళు కొలుచుకుని, వాటికి తగ్గట్టు కొత్త ప్లాను గీశాడు. ఈ ముక్క దగ్గర నేను ఆయన్ని ఆపి రెండోసారి చెప్పించుకున్నాను. ప్లాను ప్రకారం సామాను కొనడం అందరూ చేస్తారు. సామాను ప్రకారం ప్లాను గీయడం నేను ఒకటి రెండు గదుల ఇళ్ళకి చేశాను, దొరికిన దూలం పొడుగుని బట్టి గది వెడల్పు పెట్టాను. ఈ మనిషి 2400 మంది పట్టే గుడికి చేశాడు.

పునాదులు తవ్వింది విచారణ జనమే, ఫ్యాక్టరీల్లో పని దిగి వచ్చి. 1901 జూలైలో ప్రతిష్ఠ జరిగింది. ఆ ఆగస్టులోనే గ్రుట్జా ఫాదరు పోయాడు. వెనకాల మిగిలిన అప్పు దాదాపు 4 లక్షల డాలర్లు. ఆ రోజుల్లో కూలీకి రోజుకి డాలరు, డాలరున్నర అని పెద్దాయన అన్నాడు. నేను ఫోనులో లెక్కేశాను, డాలరున్నర చొప్పున 2,66,000 పనిదినాలు, అదీ ఒక్క పూట తినకుండా అంతా గుడికే ఇస్తే. కొందరు ఇళ్ళు రెండోసారి తాకట్టు పెట్టారని చెప్పుకుంటారట. నిన్న చూసిన ఇళ్ళు, జాకీలతో లేపి కింద వాటా అద్దెకిచ్చిన ఆ ఇళ్ళు! 1910లో ఫ్రాన్సిస్కన్ గురువులు వచ్చి విచారణని చేతిలోకి తీసుకున్నారు, 1925కి గానీ అప్పు తీరలేదు. 1929లో పోపు బసిలికా హోదా ఇచ్చాడు, అమెరికాలో మూడోది. ఇంకో మాట అన్నాడాయన, ఈ గుడి కట్టే రోజుల్లో ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదని. జర్మనీ, రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి, మళ్ళీ 1918లోనే దేశమైంది. మిల్వాకీ వచ్చిన వాళ్ళలో ఎక్కువ మంది జర్మనీ కింద ఉన్న వైపు వాళ్ళు, కాగితాల్లో జర్మన్లు.

నాకు సంశయం, ఇంత అప్పు చేయాలా అని. మంచి కాంట్రాక్టరు ఎవడూ ఈ పనికి ఒప్పుకోడు. ఫాదరు పోయాక ఆ మొదటి వారం డబ్బు లెక్కల పుస్తకం తెరిచినవాడి మొహం ఎలా ఉండుంటుందో నేను ఊహించగలను, నాకు అలాంటి వారాలు ఉన్నాయి. ఆ మాట పెద్దాయనతో అంటే ఆయన ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు, "రండి, ఒకటి చూపిస్తా" అని పెద్ద తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు.

తలుపు కూడా ఆ తపాలా ఆఫీసుదే. దానికి కంచు పిడి, గుండ్రంగా, పిడికిట్లో సరిపోయేంత. వంగి చూడమన్నాడు. నూటపాతికేళ్ళుగా చేతులు తగిలి తగిలి పైన మెరుగెక్కి అరిగింది, అయినా గీతలు తెలుస్తున్నాయి. ఒక త్రాసు. దాని కింద పట్టీ మీద చిన్న నక్షత్రాలు. అడుగున ఒక తాళంచెవి. అమెరికా ఖజానా శాఖ ముద్ర! ప్రభుత్వపు తలుపుపిడిని అలాగే తెచ్చి బిగించారు, ముద్ర చెరిపే పని కూడా పెట్టుకోలేదు. ఖజానా ముద్ర పట్టుకుని తిప్పి, ఆ అప్పుల గుడిలోకి వెళ్ళేవాళ్ళు జనం. నేను రెండు వైపులకీ తిప్పి చూశాను, కొంచెం వదులుంది, స్ప్రింగు మాత్రం బాగుంది. మా ఆవిడ కొవ్వొత్తి వెలిగించి వచ్చి, పక్కనున్న మరమ్మతుల పెట్టెలో ఐదు డాలర్లు వేసింది. "అప్పు 1925లోనే తీరిందన్నారు కదండీ, ఇంకా ఏంటి" అంది. "కప్పు" అన్నాను. పెద్దాయన నవ్వాడు, అవును, కప్పే అన్నాడు.

రైలుకి ఇంకా మూడు గంటలుంది. లింకన్ ఎవెన్యూలోనే నాలుగు అడుగుల్లో కోషియుష్కో పార్కు. గుర్రమ్మీద కోషియుష్కో విగ్రహం, 1905లో పెట్టింది. పోలండ్ కోసం పోరాడిన సైనికుడిగానే అందరికీ తెలుసు గానీ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఈయన చేసిన ఉద్యోగం ఇంజినీరు, సారటోగా, వెస్ట్ పాయింట్ దగ్గర కోటలు కట్టించాడు. మన జాతి మనిషే. విగ్రహం కింద మెక్సికన్ పిల్లలు గట్టిగా అరుస్తూ ఫుట్‌బాల్ ఆడుతున్నారు, బంతి రెండుసార్లు గుర్రం కాలికి తగిలింది. ఒక బండివాడు గ్లాసుల్లో మామిడికాయ ముక్కలు అమ్ముతున్నాడు, మీద నిమ్మరసం పిండి కారం చల్లి. ఏడు డాలర్లు. ఏడా, అని మా ఆవిడ నోరు తెరిచింది, గుంటూరు బళ్ళో చదువుకునే రోజుల్లో గేటు బయట ఐదు పైసలకి కొనేదట. ఒకటి కొన్నాం. ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలి, గ్లాసు బండివాడి ముందుకి మళ్ళీ చాపింది, ఇంకొంచెం కారం వేయమని.